మేక మాట, కాకి మాట

చెరకు తోట పక్కన కళ్ళంలో ఆ సాయంత్రం పంచాయితీ కూర్చుంది. బాతు పొదుగుతున్న గుడ్లు ఆరూ పోయాయి. ముంగిసే తిన్నదన్నారు. పొద్దుగూకేలోగా అది గడ్డివాము ఖాళీ చేయాలట. వాములో దానికి ఇంకా కళ్ళు తెరవని పిల్లలు మూడున్నాయి.

పెద్దమనిషి ఎవరంటే నక్క. ఎవరూ పిలవలేదు, తానే వచ్చి కూర్చుంది.

"సాక్షులు ఒక్కొక్కరే రండి. ఒక్కో మాటా విడిగా తూస్తాను. తనంతట తాను నిలబడని మాటను అక్కడే కొట్టేస్తాను" అంది.

మేక నములుతూనే వచ్చింది. మేత ఉంటే దానికి లోకంతో పనిలేదు. "బాతు మధ్యాహ్నం దాకా గుడ్ల మీదే ఉంది మావా. అది కాలవకెళ్ళాక, పొద్దు నడినెత్తిన ఉండగా గూట్లో గడ్డి చప్పుడైంది. తిరిగి చూస్తే గుడ్లు లేవు."

"ఎవరు తిన్నారో చూశావా?"

"లేదు. అటు తిరిగి మేస్తున్నాను."

"అయితే దండగ. పక్కకి పో."

కాకి వచ్చింది. "పొద్దు నడినెత్తినున్నప్పుడు ముంగిసమ్మ బావి దగ్గర తాచుతో కలబడింది. పాము చచ్చేదాకా చూశాను."

"నిన్ను పాము సంగతి ఎవరడిగారు? గుడ్ల గురించి తెలుసా?"

"తెలీదు."

"అదీ దండగే."

ముంగిస కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పటిదాకా నెమరేస్తున్న ముసలి ఎద్దు మెల్లగా లేచింది.

"జంట కాడికి నన్నొక్కణ్ణే కట్టి బండి లాగమంటే కదలదు నక్కా. అంతమాత్రాన నాకు బలం లేదనకూడదు. ఈ రెండు మాటల్నీ ఒక్క కాడికి కట్టి చూడు. గుడ్లు పోయింది పొద్దు నడినెత్తినున్నప్పుడు. ఆ వేళకి ముంగిస బావి దగ్గరుంది. ఇక గుడ్లు తిన్నది అదెలా అవుతుంది?"

నక్క కంగారుపడింది. రెండిట్లో ఒకదాన్ని విరగ్గొడితే చాలని దానికి తోచింది. "మేకకి పొద్దు తెలిసి ఏడిస్తేగా. గుడ్లు పోయింది అంతకు చాలా ముందే. అప్పటికింకా వెచ్చగానే ఉన్నాయి."

"వెచ్చగా ఉన్నాయని ముట్టుకోకుండా నీకెలా తెలిసింది?" అంది ఎద్దు.

నక్క వెనక్కి వెనక్కి జరిగింది. ఎద్దు కొమ్ములు వంచేసరికి చెరకు తోటలో పడి పరిగెత్తింది.

బాతు ఏడుస్తూ వచ్చి ముంగిసను క్షమించమంది. ముంగిస దాన్ని ఓదార్చి, తర్వాత మేక, కాకి, ఎద్దుల ముందు తల వంచింది. "మేకక్కా, కాకి బావా, మీరు చెరో సగం చెప్పారు. తాతా, నువ్వు జతచేశావు. ముగ్గురిలో ఒక్కరు లేకపోయినా రేపటికి నా పిల్లలు ఎండలోనో, గద్ద కాళ్ళలోనో ఉండేవాళ్ళు. ఈ మేలు మర్చిపోను."

మేక ఆ రోజు మొదటిసారి నమలడం ఆపింది.

నీతి: విడిగా నిలబడలేదని ఏ మాటనూ పారేయకండి, దాని జత మాటను వెతకండి.