చెంపకి ఆనించిన తూటా

నువ్వు చేసిన తప్పు ఇంకొకరి నెత్తిన వేసి వచ్చావని విన్నాను. కాదని తల ఊపకు. కూర్చో. అడ్డు రాకుండా విను. పిల్లలూ, మీరూ వినండి. పెద్దవాళ్ళ సిగ్గుమాలినతనం పిల్లలకి తెలియడమే మంచిది.

మన తాతల తాతలు కూడా చూడని రోజుల్లో, చూడకపోయినా మరిచిపోని రోజుల్లో, కొండకింద ఈతమానువలస అని ఒక ఊరు ఉండేది. ఆ ఊరికి ఒక దొర. ఆ దొరకి ఒక రైఫిలు. దానికి తూటాలు ఓడ మీద రావాలి. ఎప్పుడొస్తాయో తెలియదు. అందుకని పేల్చిన తూటా తాలూకు ఇత్తడి గొట్టాన్ని ఏరి తెచ్చి, తుపాకుల కొట్లోనే మళ్ళీ మందు నింపేవారు.

పేలిన గొట్టం ఉబ్బుతుంది. ఉబ్బినది తుపాకిలో పట్టదు. ఉక్కు అచ్చులో నొక్కి పాత కొలతకి తేవాలి. నూనె రాయకుండా నొక్కితే అచ్చులో ఇరుక్కుంటుంది. ఎక్కువ రాస్తే సొట్ట పడుతుంది. రాసింది తుడవకపోతే జిడ్డు మందుకి పట్టి తూటా చచ్చిపోతుంది.

ఆ నూనె రాసే పని దాలమ్మది. మొగుడు పోయిన మనిషి. పిల్లలు లేరు. ఉన్నది ఒక్క తమ్ముడు ఎర్రన్న. దొర తుపాకి పట్టుకుని అడవిలోకి ముందు నడిచేది ఆ ఎర్రన్నే. కొట్లో దాలమ్మ చెయ్యి జారితే కొండమీద ఆమె తమ్ముడు చస్తాడు. ఆ సంగతి ఆమెకి ఒక్క పూట కూడా మరుపు రాలేదు.

ఆమె ఆముదంలో వేలు ముంచేది కాదు. గుడ్డకి అద్ది, గుడ్డతో వేళ్ళు తడిపి, వేళ్ళతో గొట్టాన్ని ఒక్కసారి నిమిరేది. అచ్చులోంచి బయటికి రాగానే తుడిచేది. పీచుతో ఒకసారి. గుడ్డతో ఒకసారి. చీర చెంగుతో ఒకసారి. ఆ తర్వాత చెంపకి ఆనించి చూసేది. చెంపకి జిడ్డు తగిలితే మళ్ళీ పీచు, మళ్ళీ గుడ్డ, మళ్ళీ చెంగు.

అచ్చు నొక్కే కమ్మరి గౌరేసు నవ్వేవాడు. "తూటాలకి ముద్దులు పెడతన్నావా అప్పా?"

"నా తమ్ముడికి పెడతన్నానురా," అనేది దాలమ్మ.

తుపాకుల కొట్టు మీద పెత్తనం జోగినాయుడిది. తెల్ల పంచె, నున్నటి చేతులు. పని ముట్టడు, పేరు మాత్రం ఆయనది.

ఒకసారి ఆయన కొట్లోని ఆముదం తన బండి ఇరుసుకని ఇంటికి పట్టుకుపోయాడు. నూనె చాలక గొట్టం అచ్చులో ఇరుక్కుంది. దొర అడిగాడు. నాయుడు ఆ తప్పు దాలమ్మ మీద వేశాడు. ఊరు నమ్మింది.

ఇంకోసారి ఆమె చేతిలోని గుడ్డ లాక్కుని, ఇంత నెమ్మదా అని, గొట్టాల మీద నూనె కుమ్మరించాడు. అన్నీ సొట్టలు పడ్డాయి. దొర అడిగాడు. నాయుడు ఆ తప్పు దాలమ్మ మీద వేశాడు. ఊరు నమ్మింది.

ఇక మూడోసారి. కొండమీంచి ఎలుగుబంటి దిగింది. ఇప్పపువ్వు ఏరుకునే ఆడమనిషిని చీల్చి చంపింది. ఆ రోజు దొర ఇంట్లో చుట్టాలున్నారు. వాళ్ళ ముందు గొప్ప పోకూడదని ఇప్పుడే తూటాలు కావాలన్నాడు దొర. తుడవడానికి మధ్యాహ్నం దాకా పడుతుందని దాలమ్మ చెప్పింది. నాయుడు ఆమెని రెక్క పట్టుకుని కొట్టు బయటికి నెట్టాడు. పీటమీద తనే కూర్చున్నాడు. నూనె రాశాడు. గౌరేసు చేత అచ్చు నొక్కించాడు. పీచు ముట్టలేదు. గుడ్డ ముట్టలేదు. జిడ్డుమీదే మందు పోసి మూయించాడు. గౌరేసు చూశాడు. చూసి నోరు మూసుకున్నాడు.

దాలమ్మ దారికి అడ్డంగా నిలబడింది.

"ఆ తూటాలు నేను తుడవలేదు తమ్ముడూ. ఎల్లకు."

"దొర ఎల్లమన్నాక ఎల్లనని ఎలా అంటానప్పా?" అన్నాడు ఎర్రన్న. ఆమె చెయ్యి మెల్లగా పక్కకి తీసి వెళ్ళాడు.

మూడు తూటాలు పట్టుకెళ్ళాడు. మొదటిది పేలలేదు. రెండోది పేలలేదు. మూడోది పేలలేదు. ఎలుగు మీద పడింది. ఎర్రన్నని డోలీలో దింపారు.

శవం ముందే దొర అడిగాడు, తూటాలు ఎవరివని. ముసలిదానికి కళ్ళు ఆనడం లేదు, తుడవకుండా ఇచ్చింది, అన్నాడు నాయుడు. తన చేతులకి అంటిన ఆముదం ఇంకా ఆరలేదు, ఆ చేతులు వెనక్కి పెట్టుకుని అన్నాడు.

దాలమ్మ దొర ముందుకి వచ్చింది. "బాబూ, మిగిలిన తూటాల్లో ఒక్కటి మీ చెంపకి ఆనించి చూడండి. అది నా చెయ్యో కాదో తెలుస్తాది."

నాయుడు నవ్వాడు. "దొర చెంపకి మసి తూటా రుద్దుతుందట."

జనం నవ్వారు. తమ్ముడి శవం అక్కడ ఉండగా నవ్వారు. ఈ మాట చెప్పడానికి నాకే నోరు చేదవుతుంది. దాలమ్మ గౌరేసు వైపు చూసింది. గౌరేసు నేల చూశాడు. చూసి నోరు మూసుకున్నవాడికి ఆ తప్పులో వాటా లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

తమ్ముణ్ణి తినేసిన ముసలి అని పేరు పెట్టారు ఆమెకి. నిప్పు అడిగితే ఇవ్వలేదు. నీళ్ళ దగ్గరికి వస్తే కుండలు ఎత్తుకుపోయారు. వానలు వెళ్ళేలోగా దాలమ్మ పోయింది.

ఆమె పోయిన మూడో రోజు గౌరేసు రచ్చబండ దగ్గర నోరు విప్పాడు. వినవలసిన మనిషి బూడిదయ్యాక విప్పాడు. జరిగింది జరిగినట్టు చెప్పి, నాయుడు నింపిన వాటిలో మిగిలిన తూటాలు తెచ్చి పంచాడు. ఒకడు చెంపకి ఆనించుకున్నాడు. చెంప మెరిసింది. ఇంకొకడు ఆనించుకున్నాడు. మెరిసింది. చివరికి దొరే ఆనించుకున్నాడు. దొర చెంపా మెరిసింది.

నాయుడు అప్పుడైనా ఒప్పుకున్నాడా? లేదు. అది జనం చేతుల చెమటన్నాడు. మంచి తూటాలే, పేల్చి చూపిస్తానని తుపాకి తెప్పించాడు. ఒక తూటా పెట్టి మీట నొక్కాడు. చప్పుడు లేదు. మళ్ళీ నొక్కాడు. చప్పుడు లేదు. మూడోసారి నొక్కాడు. అప్పుడూ చప్పుడు లేదు. ఒక్క క్షణం కూడా ఆగకుండా, కోపంతో తుపాకిని మొహానికి దగ్గరగా పట్టుకుని, తూటా బయటికి తీద్దామని దాని గడియ లాగాడు. జిడ్డులో నానిన మందు అప్పుడు అంటుకుని, తూటా వెనక్కి మొహం మీదే పేలింది.

ఇప్పటికీ ఆ వైపు నూనె పెట్టే పని ఏదైనా, తాళమైనా, కుట్టుమిషనైనా, తుపాకైనా, తుడిచాక ఒకసారి చెంపకి ఆనించి "దాలమ్మా, సూడు" అంటారు. ఏదైనా చెడి ఒకరి మీద మాట పడిందంటే, నలుగురూ ముందు అడిగేది "చెంపకి ఆనించి చూశారా?" అనే. చూడకుండా ఎవరినీ తప్పుపట్టరు. చూసినవాడు నోరు మూసుకుంటే వాణ్ణి కూడా నిలబెట్టి అడుగుతారు.

ఇక జోగినాయుడి మాట. చావలేదు. కుడికన్ను పోయింది. కుడిచెయ్యి మణికట్టు దగ్గరే ఆగిపోయింది. పెత్తనం పోయింది. పెళ్ళాం పుట్టింటికి వెళ్ళి తిరిగి రాలేదు. ఆ తర్వాత పద్దెనిమిదేళ్ళు బతికాడు. ఏ గుమ్మంలోకి వెళ్ళి నాకేం తెలియదన్నా, నేను చెయ్యలేదన్నా, చివరికి ఆకలేస్తోందన్నా, ఆయన మాట ఒక్కరు కూడా నమ్మలేదు.