పెంటమ్మ పుట్టిల్లు

ఊ కొట్టేవాళ్ళు ఊ కొట్టండి, కునికిపాట్లు పడేవాళ్ళు గోడకి జేరబడండి. మధ్యలో తర్వాతేమైంది, తర్వాతేమైంది అని నన్ను తరమొద్దు. కథ దాని నడక అది నడుస్తుంది.

మా ముత్తవ్వకి ముత్తవ్వ ఉండేదే, ఆవిడకి పాలపళ్ళు కూడా రాని రోజుల్లో, కొండ కింద తేనెలవలస అని ఒక ఊరుండేది. కొండ నడుమ పెద్ద ఉసిరి తోపు. ఊరు ఆ తోపు మీదే బతికేది. కాయలు ఎండబెట్టి సంతకి మోసుకెళ్ళి ఉప్పూ బట్టా మార్చుకొచ్చేవాళ్ళు. తోపు కాస్తే కూరలో ఉప్పుండేది, కాయకపోతే చప్పిడి కూడే.

ఆ ఊళ్ళో పెంటమ్మ అని ఒకావిడ. పేరు విని నవ్వకండి, చెబుతాను. ఆమెకి ముందు ముగ్గురు పుట్టి ముగ్గురూ పోయారు. నాలుగోదైనా దక్కాలని తల్లి ఆ పేరు పెట్టింది. యముడు ఆ పేరు విని మొహం తిప్పుకుని పోతాడని ఆవిడ నమ్మకం. పోయాడు కూడా. చీపురుగడ్డి కోస్తుండగా నొప్పులొచ్చి, తోపులో అన్నిటికన్నా పెద్ద ఉసిరిచెట్టు కింద తల్లి ఆ పిల్లని కన్నది.

పిల్లకి ఏడేళ్ళు నిండాయో లేదో, తల్లి పోయింది. తండ్రి పోయాడు. గాలివానకి గుడిసె కూడా పోయింది. పెంటమ్మ ఆ ఇంటా ఈ ఇంటా తిని పెరిగింది, తల్లిలాగే చీపుర్లు కట్టడం నేర్చింది, ఆ ఊరివాడినే చేసుకుంది.

పండగొస్తే ఊళ్ళో కోడళ్ళందరూ పుట్టిళ్ళకి పోయేవాళ్ళు. పెంటమ్మ ఎక్కడికి పోతుంది? తలకి నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని తోపుకి పోయేది. తను పుట్టిన చెట్టు కింద కూచుని సద్ది తిని, పొద్దు వాలే వేళకి తిరిగొచ్చేది. పుట్టింటివాళ్ళు ఏం పెట్టారే అని ఆడవాళ్ళు ఆటపట్టిస్తే కొంగు విప్పి చూపించేది. కొంగులో మూడు ఉసిరికాయలుండేవి.

ఆ ఊరిపెద్ద పేరు జోగులు. పెంటమ్మకి వరసకి మేనమామ. చెడ్డవాడు కాదు. బుర్రలోకి ఒక ఆలోచన వచ్చిందంటే ఇక ఆగలేడు, అంతే. ఒకనాడు చుక్కల దుప్పులు కొండ దిగొచ్చి రాలిన కాయలు తినిపోవడం కళ్ళారా చూశాడు. మన ఉప్పు అవి నాకేస్తున్నాయని ఊరంతా తిరిగి చెప్పాడు. తోపు చుట్టూ కంచె వేయించాడు. రేగుముళ్ళు ఒక వరస, తుమ్మముళ్ళు ఒక వరస, వెదురుముళ్ళు ఒక వరస. ఆ ఏడు కాయ రెట్టింపు దిగింది. జోగులుకి కొత్త తలపాగా చుట్టి ఊరేగించారు.

ఏళ్ళు గడిచాయి. చెట్లు ముసలివైపోయాయి. ఒకటి గాలికి పడింది, ఒకటి చెదకి పడింది, ఒకటి పిడుగుకి పడింది. పడిన చోట కొత్తది లేవలేదు. మేసేవాళ్ళు లేక గడ్డి నడుమెత్తు పెరిగింది. దుప్పుల వెనకాలే వచ్చే గోరింకలు రావడం మానేశాయి. తోపులో కూతా లేదు, కిలకిలా లేదు, పిల్లమొక్కా లేదు.

ఒక చలికాలం జోగులు ఊరిని కూర్చోబెట్టాడు. తోపుకి కాలం తీరిపోయింది, ఈ ఎండలకి కొట్టేసి తగలబెట్టి చోళ్ళు, అదే రాగులు, చల్లుకుందాం అన్నాడు. ఊరు తలూపింది. అందరి వెనకా చీపురు కట్ట ఒళ్ళో పెట్టుకుని కూచున్న పెంటమ్మ మాత్రం తలూపలేదు. అది ఊరికి తోపు, ఆమెకి అమ్మగారిల్లు.

ఎన్నడూ సభలో నోరెత్తని మనిషి లేచి నిలబడింది.

ఇక్కడ మీకొకటి చెప్పాలి. చీపురుగడ్డి కోసేవాళ్ళ కళ్ళు ఎప్పుడూ నేల మీదే ఉంటాయి. కంచెకి అవతల, కొండ వాలులో అక్కడక్కడా నాలుగు ఉసిరిచెట్లుండేవి. ఒక ఏడు పెంటమ్మ అక్కడొకటి చూసింది. దుప్పులు కాయలు మింగి, మిట్టమధ్యాహ్నం బండనీడన పడుకుని నెమరేస్తూ గింజలు ఉమ్మేస్తున్నాయి. చూసింది, ఊరుకోలేదు, మళ్ళీ వెళ్ళి చూసింది. రెండో ఏడు ఆ గింజలు ఎండకి చిట్లడం చూసింది. చూసింది, ఊరుకోలేదు, మళ్ళీ వెళ్ళి చూసింది. మూడో ఏడు వానలకి ఆ బండ పక్కనే పచ్చగా పిల్లమొక్కలు చూసింది.

అదంతా సభలో చెప్పింది. జోగులు గడ్డం గోక్కున్నాడు. అక్కడి మట్టి వేరు, ఇక్కడి మట్టి వేరు, ఈ మట్టి ముసలిదైపోయింది అన్నాడు. ఊరు మళ్ళీ తలూపింది. ఊరికి తలూపడం బాగా వచ్చు.

అప్పుడంది పెంటమ్మ, "మామా, వచ్చే వానల్లో ఆరుద్ర కార్తె దాటేదాకా గొడ్డలి ఆపు. ఈ తోపులోనే, ఈ మట్టిలోనే మొలిపించి చూపిస్తాను. మొలవలేదా, మొదటి దెబ్బ నేనే వేస్తాను. నేను పుట్టిన చెట్టుకే వేస్తాను."

"మాట మీద ఉంటావా కోడలా?"

"ఉంటాను మామా."

తోపులో పక్కపక్కనే మూడు మళ్ళు చేసింది. మూడింటికీ ఒకటే మట్టి, ఒకటే ఎండ, ఒకటే నీళ్ళు. ఒక్కో మడికి ఒక్కో చీపురు పుల్ల గుచ్చి గుర్తు పెట్టింది. మొదటి మడిలో పండిన కాయలు అలాగే పాతింది. మూడో మడిలో దుప్పులు ఉమ్మేసిన గింజలు ఏరుకొచ్చి చల్లింది. మరి రెండో మడి? అది జోగులు పుణ్యం. నమిలి ఉమ్మడమే కదా, దానికి దుప్పులెందుకు, మనకి పళ్ళు లేవా అన్నాడు. ఆలోచన వస్తే ఆగడని చెప్పాను కదా.

ఊరు ఊరంతా తోపులో బారులు తీరి కూచుంది. మూడు రోజులు ఉసిరికాయలు నమిలారు. ముసలాళ్ళు నమిలారు, పడుచువాళ్ళు నమిలారు, పళ్ళు లేనివాళ్ళు చప్పరించారు. అందరి మొహాలూ వంకర్లు తిరిగాయి. తర్వాత మంచినీళ్ళు తాగితే తియ్యగా ఉన్నాయని ఒకరి మీద ఒకరు పడి నవ్వుకున్నారు. ఊరు అంతలా నవ్వి ఎన్నాళ్ళైందో. ఉమ్మిన గింజలన్నీ రెండో మడిలో పడ్డాయి.

ఎండలు పోయాయి. మృగశిర కార్తె వచ్చింది, చినుకు పడింది. మొదటి మడిలో కాయలు కుళ్ళి చీమలు పట్టాయి. రెండో మడి అరచేతిలా నున్నగా ఉంది. మూడో మడి కూడా నున్నగానే ఉంది. ఆరుద్ర కార్తె వచ్చింది, వాన దంచింది. మూడు మళ్ళూ నున్నగానే ఉన్నాయి. జోగులు గొడ్డలి నూరించి పెంటమ్మ గుమ్మం ముందు పెట్టించాడు. మాట మాటే కదా.

పెంటమ్మ ఆ గొడ్డలిని దాటుకుని బయటికి నడిచింది. తోపుకి పోయి తను పుట్టిన చెట్టుని వాటేసుకుని ఏడ్చింది. అమ్మా, నీ మీద నేనెలా చెయ్యి ఎత్తేదే అని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు తుడుచుకుంది. పొద్దున్న చూసిన మడినే మళ్ళీ వెళ్ళి చూసింది. ఏమీ లేదు. మర్నాడు చూసింది. ఏమీ లేదు. మూడోనాడు తెల్లవారి వెళ్ళి చూసింది.

మూడో మడి నిండా మొలకలు. సన్నగా, చింతచిగురంత లేతగా, మట్టిని తల మీద మోసుకుంటూ లేస్తున్నాయి.

పెంటమ్మ ఎవరినీ పిలవలేదు. మడి పక్కన చతికిలబడి నవ్వుతూ కూచుంది. చీపుర్లు కట్టడానికి రాలేదేమని వెతుక్కుంటూ ఒకరొచ్చారు, వాళ్ళ వెనక పదిమంది వచ్చారు, చివరికి జోగులు వచ్చాడు. మూడు మళ్ళూ మార్చి మార్చి చూశాడు. తలపాగా తీసేసి మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"మనం నమిలితే రానిది దుప్పి నమిలితే వచ్చిందేం కోడలా?"

"మనం పులుపు చప్పరించి ఉమ్మేశాం మామా. దుప్పి కడుపులో మోసి, నెమరేసి, అప్పుడు దించుతుంది. అమ్మ బిడ్డని మోసినట్టు మోస్తుంది."

జోగులు లేచి తన చేతుల్తోనే కంచె పీకడం మొదలుపెట్టాడు. రేగుముళ్ళు ఒక వరస, తుమ్మముళ్ళు ఒక వరస, వెదురుముళ్ళు ఒక వరస. చేతుల నిండా ముళ్ళు గుచ్చుకున్నా మానలేదు. ఊరు ఈసారి తలూపుతూ నిలబడలేదు, వెళ్ళి చెయ్యి వేసింది.

ఆ రోజునుంచి తోపుకి పెంటమ్మ చెప్పిందే కట్టడి. కాయల్లో మూడో వంతు కింద వదిలెయ్యాలి. కొండ మీద దుప్పుల దారికి అడ్డంగా పోడు కొట్టకూడదు. చీపురుగడ్డి గింజ రాలాకే కొయ్యాలి. దుప్పులొచ్చాయి, గడ్డి తగ్గింది, వాటి వెనకాలే గోరింకలొచ్చాయి. గోరింకల గోలకి ఎవరి మాట ఎవరికీ వినబడేది కాదట.

ఆ ఏడు పండక్కి పెంటమ్మ ఎప్పటిలాగే తలకి నూనె రాసుకుని, ఉతికిన చీర కట్టుకుని తోపుకి పోయింది. పోయి చూస్తే, చెట్టు కింద జోగులూ జోగులు పెళ్ళామూ చాప పరుచుకుని కూచున్నారు. విస్తరాకులో బూరెలు, పక్కన కొత్త చీర, పసుపూ కుంకుమా.

"పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల వట్టి చేతుల్తో పోకూడదు, తీసుకో," అన్నాడు జోగులు.

ఎన్నడూ ఎవరిముందూ ఏడవని పెంటమ్మ ఆ రోజు వాళ్ళిద్దరి ముందూ ఏడ్చింది. ఏడుస్తూనే బూరెలన్నీ తినేసింది.

ఆమె చాలా ఏళ్ళు బతికింది. పండు ముసలిదై, సగం కట్టిన చీపురు ఒళ్ళో ఉండగానే ఆ చెట్టు కిందే కన్ను మూసింది. కాలక్రమంలో ఆ చెట్టూ పడింది, దాని పిల్లలు లేచాయి, వాటి పిల్లలు లేచాయి. ఆ తోపుని ఇప్పటికీ పెంటమ్మ పుట్టిల్లు అనే అంటారు. కాయ కోసేవాళ్ళు ముందు మూడు దోసిళ్ళు కింద పోసి, ఇది పెంటమ్మ వాటా అంటారు. తల్లీ తండ్రీ లేని ఆడపడుచు ఏ ఊరినుంచి వచ్చినా సరే, పండగనాడు ఆ చెట్ల కింద కూచుంటే చాలు, ఊరు చీర పెట్టి అన్నం పెట్టి పంపుతుంది. తేనెలవలసలో పుట్టిల్లు లేని ఆడది లేదంటారు అందుకే.

ఇదంతా నీకెలా తెలుసు అవ్వా అంటారా? నాకు అమ్మ ఏనాడో పోయింది, నాన్నా పోయాడు. మరి మొన్న పండక్కి తలకి నూనె రాసుకుని ఎక్కడికి పోయొచ్చానో ఒక్కరైనా అడిగారా? ఇదిగో, ఈ కొంగు విప్పి చూడండి. మూడే ఉన్నాయి, కొట్టుకోకుండా పంచుకోండి.