చెక్కబాటకి తలంటు

కోటిపాడులో గున్నేశ్వరరావు ఇంట్లో తెలివి ఎక్కువైపోయి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఇబ్బంది పడేవాళ్ళు. అతనికి తెలివి, భార్య మంగతాయారుకి ఇంకాస్త తెలివి, తమ్ముడు సత్తిపండుకైతే తెలివి బరువుకి మెడే ఓ పక్కకి వాలిపోయి ఉండేది. ఊళ్ళో ఎవరూ వాళ్ళని ఏ సలహా అడిగేవారు కాదు. "మొహమాటం, పాపం," అనుకునేవాడు గున్నేశ్వరరావు.

మంగతాయారు అన్న తాతబ్బాయికి రైసుమిల్లు ఉంది. అందులో ఊక ఎత్తి ఎత్తి విసిగిపోయిన గున్నేశ్వరరావు, మిల్లు వెనక ఖాళీ గోడౌనులో, బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే బౌలింగ్ ఆట పెడతానని కాళ్ళావేళ్ళా పడ్డాడు.

"ఆదివారం వచ్చి ఆడతాను బావా. ఆట కుదిరితే గోడౌను నీది. కుదరలేదా, మళ్ళీ ఊకే," అన్నాడు తాతబ్బాయి.

విశాఖపట్నం నుంచి ఫిట్టరు వచ్చాడు. నున్నటి చెక్కలు పరిచి పొడుగాటి బాట వేశాడు. గురి తప్పిన బంతి పడటానికి ఇరుపక్కలా పల్లాలు తీశాడు. ఆ చివర సీసాల్లాంటి పిన్నులు ముక్కోణంగా నిలబెట్టాడు, ఈ చివర వేళ్ళు పట్టే చిల్లులున్న బరువైన బంతులు పెట్టాడు. వెళ్తూ వెళ్తూ, "చెక్కబాట జాగ్రత్తండీ. చంటిపిల్లాడిని చూసుకున్నట్టు చూసుకోండి. రోజూ పల్చగా నూనె రాయండి," అన్నాడు.

అంతే. మంగతాయారు చీర చెంగు నడుముకి దోపింది.

"నూనె రాసి వదిలేస్తే పిల్లాడికి జలుబు చెయ్యదూ? ఆ ఫిట్టరుకి పిల్లల్లేరు కాబోలు."

నువ్వులనూనెతో మర్దనా చేసింది. సున్నిపిండితో నలుగు పెట్టింది. సత్తిపండు కాగులతో వేణ్ణీళ్ళు మోసుకొచ్చి పోశాడు. చెక్కలు నీళ్ళు తాగి ఉబ్బాయి.

"చూడు, ఒక్క స్నానానికే ఎలా ఒళ్ళు చేశాడో!" అని మురిసిపోయాడు గున్నేశ్వరరావు. సాంబ్రాణి పొగ వేశారు. ఓ మూల దిష్టిచుక్క కూడా పెట్టారు.

"అన్నయ్యా, చిల్లులు పడ్డ బంతులు అంటగట్టి పోయాడు వాడు," అన్నాడు సత్తిపండు. చిల్లులన్నీ సిమెంటుతో పూడ్చేశాడు. ఒక బంతి దొర్లించి చూస్తే, అది ఎగుడుదిగుడు చెక్కల మీద గెంతుకుంటూ వెళ్ళి పిన్నుల్ని దభేలున పడేసింది.

గున్నేశ్వరరావు నెత్తి కొట్టుకున్నాడు. "ఇవీ నాసిరకమేరా! ఇలా తగిలితే అలా పడిపోతున్నాయి. బావగారి ముందు పడితే మన పరువేం కాను?"

ఇంకేముంది, పిన్నులన్నిటికీ మేకులు దిగాయి.

ఆదివారం తాతబ్బాయి వచ్చాడు. బంతి పట్టుకోబోతే వేలు దూరే చోటు లేదు. రెండు చేతులతో ఎత్తాడు.

"నెమ్మది అన్నయ్యా, ఇప్పుడే కునుకు పట్టింది," అని గుసగుసలాడింది మంగతాయారు.

"ఎవరికే?"

"బాటకి."

తాతబ్బాయి చెల్లెల్ని ఎగాదిగా చూసి బంతి విసిరాడు. అది ఎగిరెగిరి వెళ్ళి పిన్నుల్ని గుద్ది, వెళ్ళినంత వేగంగా తిరిగొచ్చి ఆయన కాలి మీదే పడింది. ఒక్క పిన్ను కదిలితే ఒట్టు.

"ఒక్కటీ పడలేదు బావగారూ! చూశారా పనితనం!" అని చప్పట్లు కొట్టాడు గున్నేశ్వరరావు.

తాతబ్బాయి ఒంటికాలి మీద గెంతుతూ అరిచాడు. "రేపు పెసల బస్తాల లారీ వస్తుంది. అప్పటికి ఈ గోడౌనులో ఒక్క చెక్కముక్క కనపడటానికి వీల్లేదు! ఆ పనైనా సరిగ్గా చేస్తే కాపలా ఉద్యోగం ఇస్తాను. లేదా, ఊకే!"

గున్నేశ్వరరావు చొక్కా చేతులు పైకి మడిచాడు. ఇక మిగిలింది ఈ ఒక్క అవకాశమే. బావగారి మాట పొల్లు పోకూడదు. చెక్కబాట పీకారు. తలుపులు చెక్కవే, పీకారు. ద్వారబంధాలూ కిటికీలూ పీకారు. సత్తిపండు తల పైకెత్తి, "అన్నయ్యా, దూలాలు!" అన్నాడు.

"అవేమైనా ఇనపవా? దించు."

అంతే, పెంకులతో సహా కప్పంతా కిందికొచ్చింది.

మర్నాడు తాతబ్బాయి వచ్చాడు. నాలుగు గోడలూ, పైన మబ్బులూ చూసి నోరు తెరిచి నిలబడిపోయాడు.

"సంతోషంతో మాట రావడం లేదు, పాపం," అంది మంగతాయారు.

ఇంతలో డ్రైవరు బస్తాల లారీని వెనక్కి నడిపించి, సరిగ్గా గోడల మధ్యకి తెచ్చి ఆపాడు. గున్నేశ్వరరావు చూపు లారీ తొట్టి మీద పడింది. చుట్టూ చెక్కలే!

"సత్తిపండూ," అని కేకేశాడు, "గునపం తేరా, త్వరగా! బావగారు చూసేస్తున్నారు!"