డేగరాయుడు తెచ్చిన ఎండ

పొడలమ్మకి మూడేళ్లు, నోరు తెరిచే ముందు ముక్కుని నేలకేసి ఇటూ అటూ రుద్దుకోవడం ఆమెకి అలవాటు. ఒంటినిండా తెల్లటి పొడలున్న నల్లకోడి. ఆ వేసవిలో గంపనిండా గుడ్లు పెట్టుకుని పొదుగుతోంది.

ఊరికి దూరంగా, కరెంటు తీగ చేరని గుట్ట పక్కన సుంకమ్మ చేను, బండల ఇల్లు. వాకిట్లో సోలార్ ప్లేట్ల వరస. ఎండ వాటిమీద పడితే బోరు మోటారు తిరుగుతుంది, తొట్టిలోకి నీళ్లొస్తాయి. తెల్లారగానే సుంకమ్మ ప్లేట్ల మీది దుమ్ము కడుగుతుంది. ఆ నీళ్లు కారి కింద నేలంతా తడుస్తుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఏడు రోళ్ల సంగతేమో గానీ, కోళ్లే పగిలేలా ఉన్నాయి. చేను మొత్తమ్మీద చల్లటి చోటంటే ఆ ప్లేట్ల కింది తడినేల ఒక్కటే.

మరి దానిమీద కాళ్లు బారచాపుకుని పడుకునేదెవరు? పొదిగే పెట్ట అనుకున్నారా? కాదు. పుంజు, డేగరాయుడు.

"నేను కూస్తే పొద్దు పొడుస్తుంది. పొద్దు పొడిస్తే మోటారు తిరుగుతుంది. మోటారు తిరిగితే మీ గొంతులు తడుస్తాయి," అని తొట్టి అంచుమీద నిలబడి రోజూ ఉపన్యాసం ఇచ్చేవాడు. "నాకు కోపం తెప్పించారా, రేపు కూయను. చీకట్లో ఒకరి నాలుకలు ఒకరు నాక్కోండి!"

ఎద్దు బసవయ్య తలూపేవాడు. గేదె కాటుకమ్మ "ఎందుకొచ్చిన గొడవ" అని పక్కకి జరిగేది. తొట్టిలో మొదటి గుక్క పుంజుది, చల్లటి నేలా పుంజుది.

పొడలమ్మ గంప మాత్రం పడమటి గోడకి ఆనుకుని ఉంది. మధ్యాహ్నం దాటితే ఆ బండలు పెనంలా కాలేవి. ఒక రోజు మేతకెళ్లి వచ్చి గుడ్లమీద రొమ్ము ఆనించి ఉలిక్కిపడింది. గుడ్లు నిప్పుల్లా కాలిపోతున్నాయి. ఇంకొన్నాళ్లు ఇలాగే ఉంటే పిల్లలు కాదు, ఉడకబెట్టిన గుడ్లే మిగులుతాయి.

ప్లేట్ల దగ్గరికి పరిగెత్తింది.

"మామా, కాస్త జరుగు. గంపని ఇటు నెట్టిపెట్టమని బసవన్నని అడుగుతాను. గుడ్లు ఉడికిపోతున్నాయి."

"ఏమే, సూర్యుణ్ణి అంత దూరం నుంచి లాక్కొచ్చినవాడు పగలు కాసేపు కునుకు తీయొద్దా?"

"ఆ గుడ్లు నీవి కూడా కదయ్యా!"

"నావే. నావి కాబట్టే నీకు అప్పజెప్పాను," అని డేగరాయుడు ఇంకో పక్కకి దొర్లాడు.

పొడలమ్మ బసవయ్యని అడిగింది. "నెట్టడం ఎంతసేపు తల్లీ! వాడికి కోపమొచ్చి కూయడం మానేస్తే?" అన్నాడాయన.

పొడలమ్మ వాదించలేదు. ముల్లుని ముల్లుతోనే తీయాలి.

మర్నాడు మిట్టమధ్యాహ్నం అందరూ తొట్టి చుట్టూ చేరి రొప్పుతున్నారు. పొడలమ్మ నోట్లో బెల్లం ముక్క పెట్టుకున్నంత తియ్యగా అడిగింది.

"మామా, ఇవాళ్టి పొద్దు కూడా నువ్వు తెచ్చిందేనా?"

"ఇంకెవడు తెస్తాడే?"

"ఎవరి సాయమూ లేకుండానే?"

"ఈకంత సాయం కూడా లేదు!"

"నిన్న కాటుకక్క వీపుమీద బొబ్బలు లేపిందే, ఆ పొద్దు?"

"అదీ నేనే! అసలు దాన్ని ఎలా తెచ్చానంటే..." అని మెడ రిక్కించిన డేగరాయుడు అక్కడ ఆగాడు. ఆగి ఏం లాభం? కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం.

కాటుకమ్మ నెమరు ఆపింది. గేదె నెమరు ఆపిందంటే ఆలోచిస్తోందని అర్థం. అది ఆలోచించడం మొదలుపెడితే కొమ్ములు ఎంతో దూరంలో ఉండవు.

"ఒరేయ్ పుంజూ, ఇన్నాళ్లూ నా తోలు ఊడగొడుతున్నది నువ్వా?"

"అది కాదక్కా, పొద్దు వరకే నాది. వేడి నాది కాదు!"

బసవయ్య మెల్లగా అందుకున్నాడు. "వెలుగు నీదన్నావు. నీళ్లు నీవన్నావు. వేడి ఒక్కటీ దారిన పోయేవాడిదా నాయనా?"

"అయ్యో, ఆయన్ని ఏమీ అనకండి," అంది పొడలమ్మ, కొంగు ఉంటే కళ్లొత్తుకునేదే. "మా ఆయన తలుచుకుంటే ఎంత? రేపు కాస్త మెల్లగా కూయి మామా. చిన్న పొద్దు తే!"

మర్నాడు డేగరాయుడు దగ్గొచ్చిన ముసలాడిలా "క్కొ... క్కో..." అన్నాడు. పొద్దు మాత్రం నిన్నటికంటే మండుతూ వచ్చింది. మధ్యాహ్నానికి తొట్టి నీళ్లు టీ పెట్టుకునేలా ఉన్నాయి.

"దీన్నేనా చిన్న పొద్దంటావు?" అంది కాటుకమ్మ.

"చివర్లో కాస్త గట్టిగా కూసినట్టున్నానక్కా..."

"రేపు అసలు కూయకు. నీళ్లు లేకపోతే మానె, ఒక్కరోజు చీకట్లో చల్లగా పడుకుంటాం. కూశావో, నీ తోక నా గిట్ట కింద!"

పాపం డేగరాయుడు! కూస్తే తోక పోతుంది, కూయకపోతే పరువు పోతుంది. తోకనే కాపాడుకుందామని, తెల్లవారుజామున ముక్కునిండా ఎండుగడ్డి కుక్కుకుని కూర్చున్నాడు.

గుట్ట వెనకనుంచి పొద్దు ఎవరినీ అడక్కుండా పైకొచ్చింది. సుంకమ్మ ఎప్పట్లాగే ప్లేట్లు కడిగింది. ఎండ ఎక్కగానే మోటారు గుర్రుమంది, తొట్టిలోకి దబదబా నీళ్లు దూకాయి. ఎవరూ మూతి పెట్టలేదు. అందరి కళ్లూ పుంజు మీదే.

"దీన్నెవడు తెచ్చాడ్రా?" అంది కాటుకమ్మ.

డేగరాయుడు గడ్డి ఉమ్మేశాడు. "నిన్నటి కూత... కొంచెం మిగిలిపోయి ఉంటుంది."

కాటుకమ్మ పగలబడి నవ్వింది, నోట్లో నెమరు తొట్టిలో పడింది. బసవయ్య నవ్వు ఆపుకోలేక తుమ్మాడు, సగం నీళ్లు బయటికి చిందాయి. ఆ తుమ్ముతోనే వెళ్లి, ఎవరూ చెప్పకుండానే, పొడలమ్మ గంపని మూతితో నెట్టుకుంటూ ప్లేట్ల కిందికి తెచ్చాడు.

"జరుగు నాయనా. మిగిలిన కూత ఉంటే దాచుకో, ముందుముందు పనికొస్తుంది."

పొడలమ్మ గుడ్లమీద కూర్చుంది. కింద తడినేల, పైన నీడ. రెక్కలు వదులు చేసుకుని కళ్లు మూసుకుంది.

డేగరాయుడు తుమ్మచెట్టు కిందికి చేరాడు. జల్లెడలో నీళ్లు ఎంత నిలుస్తాయో, తుమ్మచెట్టు కింద నీడ అంత నిలుస్తుంది. నోరు తెరుచుకుని, రొప్పుతూ, అందరూ తాగాక మిగిలిన నీళ్ల కోసం ఎదురుచూశాడు.

పొద్దు నాదే అన్నవాడు వడదెబ్బ కూడా నాదే అనాలి.

పొడలమ్మ పిల్లల్ని లేపింది, రెక్కలొచ్చేదాకా వెంట తిప్పుకుంది. మరుసటి వేసవిలో గుడ్లు పెట్టింది గానీ, ఒక ఎండాకాలం పడ్డ పాట్లు చాలనుకుని, పొదగడానికి కూర్చోలేదు.