లేత మొక్కలు తాగలేని పొగ

అనగనగా, పక్షులూ చెట్లూ మనుషులతో మాట్లాడే కాలంలో, చిత్రకోన అనే రాజ్యం ఉండేది. చుట్టూ ఎత్తైన కొండలు, నడుమ గిన్నెలాంటి లోయ. ఆ లోయను కనకాంగి అనే రాణి ఏలుతుండేది.

రాణికి ఒక్కతే కూతురు, చారుమతి. ఆమెను కొండలకు అవతల, సముద్రపు ఒడ్డున ఉన్న వేలాపురి యువరాజుకిచ్చి పెళ్ళి చేసింది. ఆనాటి నుంచి రాణి మనసు మనసులో లేదు. బిడ్డ వేళకు తిన్నదో లేదో, అక్కడి ఉప్పుగాలి ఒంటికి పడిందో లేదో! చూసి వద్దామంటే కొండదారిన బండి మీద పన్నెండు రోజుల ప్రయాణం.

రాణి దిగులు చూడలేక ఆస్థాన శిల్పులు ఒక గగననౌక తయారు చేశారు. దాని అడుగున పెద్ద పొయ్యి. అందులో గుగ్గిలపు కట్టెలు మండిస్తే నౌక గాలిలోకి లేచేది. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి వేలాపురి చేరేది. దాన్ని నడిపేవాడి పేరు కేతనుడు.

మొదటిసారి రాణి కూతురికి సారె పట్టుకెళ్ళింది. తిరిగివచ్చాక తలెత్తి చూస్తే, నౌక విడిచిన పొగ ఎక్కడికీ పోలేదు. రెండు కొండల మధ్య ఆరేసిన నల్లబట్టలా వేలాడుతోంది.

మర్నాడు ఒక తేనెటీగ కిటికీ మీద వాలింది. "రాణీ, పూలవాసన తెలియడం లేదు. ఎటు వెళ్ళినా పొగవాసనే. మా పట్టుకు దారి తప్పుతున్నాం" అంది.

రాణి గుండె కలుక్కుమంది. వెంటనే తోటలు వేయించే నాగదత్తుడనే వర్తకుణ్ణి పిలిపించింది. అతను నవ్వుతూ చేతులు జోడించాడు.

"దిగులెందుకు మహారాణీ! నౌక ఎగిరిన ప్రతిసారీ ఉత్తరపు మిట్ట మీద ఒక తోట వేయిస్తాను. చెట్లు పొగ తాగుతాయి. మీరు విడిచిందీ అవి తాగిందీ సరికి సరి. తమరు నిశ్చింతగా తిరగండి."

నాగదత్తుడు మోసగాడు కాదు. చెప్పినట్టే తోట వేయించాడు. రాణి ఊపిరి పీల్చుకుంది.

రెండోసారి వేలాపురిలో పడవల పండగ చూడటానికి ఎగిరింది. ఈసారి పాలపిట్ట వచ్చింది. "పిల్లలకు ఎగరడం నేర్పుదామంటే ఆకాశం కనబడటం లేదమ్మా" అంది. మళ్ళీ గుబులు. మళ్ళీ తోట. మళ్ళీ నిశ్చింత.

మూడోసారి, కూతురికి ఇష్టమైన చింతకాయ పచ్చడి జాడీ ఇవ్వడం మరిచిపోయానని ఎగిరింది. తిరిగి వచ్చేసరికి కోట గుమ్మం ముందు ఒక ముసలి దుప్పి నిలబడి ఉంది. అది ఏమీ అనలేదు. దగ్గింది. చాలాసేపు దగ్గి, తలవంచుకుని వెళ్ళిపోయింది.

ఆ దగ్గు రాణి చెవుల్లోంచి పోలేదు. 'తోటలున్నాయిగా' అని తనకు తాను చెప్పుకునేది. చెప్పుకున్నకొద్దీ లోపల ఏదో ముల్లులా గుచ్చుకునేది. అయినా, ఏదో ఒక పని మీద, నౌక ఎగురుతూనే ఉంది. లోయ మీద పొగ మందమవుతూనే ఉంది.

ఒకరోజు సముద్రపు కొంగ ఒకటి రెక్క ఈడ్చుకుంటూ వచ్చి రాణి ఒళ్ళో పడింది.

"తల్లీ, చారుమతికి నెలలు నిండాయి. కాన్పు కష్టమయ్యేలా ఉందని మంత్రసాని భయపడుతోంది. పిల్ల అమ్మా అమ్మా అని కలవరిస్తోంది. పొగలో దారి కానక నేను రెండుసార్లు బండకు కొట్టుకున్నాను."

రాణి చెప్పులైనా తొడుక్కోకుండా నౌక దగ్గరికి పరుగెత్తింది. "కేతనా, పొయ్యి రాజెయ్యి!"

కేతనుడు కదలలేదు. "అమ్మగారూ, పైన ఏది కొండో ఏది పొగో తెలియడం లేదు. లేచామంటే కొండకు గుద్దుకుంటాం."

"ఎక్కడిదిరా ఇంత పొగ?"

"మనదేనమ్మా."

అంతలోనే రాణికి తోటలు గుర్తొచ్చాయి. పల్లకీ కోసం ఆగకుండా ఉత్తరపు మిట్ట ఎక్కింది. ఎక్కి, నిలువునా నీరైపోయింది. మోకాలెత్తు మొక్కలు! ఏ మొక్కనూ మేక ముట్టలేదు, ఏదీ ఎండలేదు. అన్నీ చక్కగా ఉన్నాయి. కానీ చిన్నవి.

"తాగరేం? ఈ పొగ తాగరేం? నా బిడ్డ దగ్గరికి నేను పోవాలి!" అని ఏడ్చింది.

ఒక నేరేడు మొక్క సన్నని గొంతుతో అంది. "తాగుతూనే ఉన్నాం తల్లీ. మాకున్నవి నాలుగు ఆకులు. మేము పెద్దయ్యేసరికి నీ జుట్టు నెరుస్తుంది. నువ్వు పొగ విడిచింది మాత్రం ఇప్పుడే కదా!"

వెనకే ఆయాసపడుతూ వచ్చిన నాగదత్తుడు తలవంచుకున్నాడు. "నాటించిన మాట నిజం మహారాణీ. ఎప్పటికి పెరుగుతాయో తమరు అడగలేదు. నేనూ చెప్పలేదు."

"అడిగితే ఎగరడానికి మనసొప్పదని భయం నాగదత్తా. అందుకే అడగలేదు" అంది రాణి.

ఇక చేసేదేముంది? బండి కట్టించింది. ఎద్దులు ప్రతి ఎత్తు దగ్గరా ఆగి రొప్పుతుంటే, తనూ దిగి నడిచింది. మలుపు మలుపుకీ "ఇంకెంత దూరం?" అని అడిగింది. ఒకచోట ఎదురుగా గుర్రం మీద ఎవరో దౌడు తీస్తూ వస్తుంటే, కబురు తెస్తున్నాడేమోనని రాణి కళ్ళు గట్టిగా మూసుకుంది. అతను ఉప్పు వ్యాపారి. తన దారిన తాను పోయాడు.

చివరికి వేలాపురి కోట కనిపించింది. లోపల చప్పుడు లేదు. రాణి గడప దగ్గరే ఆగిపోయింది, అడుగు పడక. అప్పుడు ఒక పసిగొంతు సన్నగా ఏడ్చింది.

చారుమతి మంచం మీద తెల్లగా పాలిపోయి ఉంది. పక్కన ఆడపిల్ల. తల్లిని చూసి చారుమతి మెల్లగా అంది, "వచ్చావా అమ్మా! ఆ నొప్పుల్లో వంటమనిషి చెయ్యి పట్టుకున్నాను. నీ చెయ్యే అనుకున్నాను."

రాణి కూతురి పాదాల దగ్గర కూర్చుండిపోయింది. ఈసారి తిరిగివెళ్ళే తొందర పెట్టుకోలేదు. చారుమతి లేచి తిరిగేదాకా అక్కడే ఉండి, బండి మీదే చిత్రకోనకు తిరిగివచ్చింది.

రాగానే సభ చేసింది. "ఇకమీదట ప్రాణం మీదికి వస్తే తప్ప నౌక లేవదు. నాకూ ఇదే కట్టడి. కూతుర్ని చూడాలంటే బండి మీద వెళ్తాను, వెళ్ళి నాలుగు నెలలుంటాను" అంది.

నాగదత్తుడు బెరుగ్గా అడిగాడు. "మరి తోటలు, మహారాణీ?"

"వేయించు. ఇప్పటిదాకా విడిచిన పొగకే అవి చాలవు. కానీ, తోట ఉందిగా, ఎగరండి అని మాత్రం ఇంకెవరికీ చెప్పకు."

పొగ ఒక్కనాటితో పోలేదు. ఒక వానాకాలం పోయింది, ఇంకొకటి పోయింది. మెల్లగా కొండకొమ్ములు మసకమసకగా కనిపించసాగాయి.

అలాంటి రోజుల్లో ఒక కుమ్మరివాడి భార్యకు కాన్పు కష్టమైంది. పెద్ద వైద్యుడు ఉండేది కొండలకు అవతల. రాణి క్షణం ఆలస్యం చేయకుండా ఆమెను నౌక ఎక్కించమంది. పొయ్యి మండింది. నౌక లేచింది. అది కొండల వైపు సాగుతుంటే రాణి మేడ మీద చేతులు నలుపుకుంటూ చూస్తూ నిలబడింది. కేతనుడికి దారి కనబడుతుందో లేదో! నౌక పొగమసకలో దూరి, కాసేపు కనబడకుండా పోయి, రెండు కొండల సందులోంచి అవతలి వెలుగులోకి తేలింది. అప్పుడు గాని రాణి ఊపిరి విడవలేదు.

కాబట్టి పిల్లలూ, రేపు సరిదిద్దుకోవచ్చులే అన్న ధీమాతో ఇవాళ చెరుపు చేయకూడదు. ముందు చెరుపు తగ్గించుకోవాలి, తప్పనిసరై చేసినదాన్ని ఓపికగా సరిదిద్దుకోవాలి.