మారుపలికే బండ

ఎర్రగుట్ట మీద ఒక మేకల మంద ఉండేది. గుట్ట వెనక పెద్ద బండ ఒకటి. దాని ముందు నిలబడి అరిస్తే ఆ మాటే తిరిగి వినిపించేది. కొమ్ములు మొలుస్తున్న పిల్లలకు అదే లోకమైపోయింది. మేత మానేసి "నేనే అందగత్తెను!" అని అరవడం, బండ కూడా అదే అంటే మురిసిపోవడం.

మందకు పెద్ద ఒక పోతుమేక. "మొక్కై వంగనిది మానై వంగదు. ఇక బండ దగ్గరికి పోయిన పిల్లకు మందలో చోటు లేదు. వెలి వేస్తాను," అని తేల్చి చెప్పింది.

కట్టడి మంచిదే. అయితే బండ చాటున పొంచి ఉన్న నక్క కూడా ఆ మాట విన్నది. విని సంతోషించింది.

మూడో రోజుకే చుక్కి అనే మేకపిల్ల దొంగచాటుగా బండ దగ్గరికి చేరింది.

"మా పెద్దయ్య గడ్డం కంపు!" అని అరిచింది.

"అవునవును, మహా కంపు! నీ అంత తెలివైనది మందలోనే లేదు," అంది చాటు నుంచి నక్క.

చుక్కి పకపకా నవ్వింది. తను అనని మాట బండ ఎలా పలికిందని ఆలోచించలేదు. పొగిడే గొంతును ఊరూ పేరూ అడిగేదెవరు?

నాలుగు రోజులు పొగడ్తలే. అయిదో రోజు గొంతు మారింది.

"రేపు మధ్యాహ్నం గుట్ట కింద వాగు పారే వంకలోకి ఒంటరిగా రా."

"అమ్మో, నేను రాను."

"అయితే గడ్డం సంగతి మీ పెద్దయ్యకే చెబుతాను. వెలి అంటే తెలుసుగా?"

మరునాడు చుక్కి మేత ముట్టలేదు. వంక వైపు నడుస్తుంటే ముసలి మేక ఎదురైంది.

"ఏమే, చెవులు వేలాడేశావు?"

"ఏం లేదవ్వా."

"ఏమీ లేని పిల్ల ఈ ఎండలో వంకకు ఎందుకే? చెప్పు తల్లీ. కొట్టను, తిట్టను."

చుక్కి ఏడుస్తూ అంతా చెప్పింది. అవ్వ దాన్ని వెంటబెట్టుకుని పోతుమేక దగ్గరికి వెళ్లింది.

"నా గడ్డం కంపా? ముందు దీన్ని వెలి వేయండి!" అని మండిపడింది పోతుమేక.

"గడ్డం రేపైనా కడుక్కోవచ్చు నాయనా. పోయిన పిల్ల మళ్లీ రాదు. ముందు వంకకు పద," అంది అవ్వ.

కొమ్ములున్న మేకలన్నీ వంకను చుట్టుముట్టాయి. పొద వెనక నక్క నాలుక చప్పరిస్తూ కూర్చుని ఉంది. పోతుమేక మొదటి పోటుకే దాని పక్కటెముక విరిగింది.

"పిల్ల నోరు విప్పిందా?" అని మూలిగింది నక్క. "దాని నోరు మూయించింది నువ్వే కదయ్యా! నీ వెలిని నమ్ముకునే ఇంతకు తెగించాను."

నక్క కుంటుతూ పారిపోయింది. పోతుమేక సిగ్గుపడుతూ గుట్ట మీదికి తిరిగి వచ్చింది. తర్వాత మందను పిలిచింది.

"బండ దగ్గరికి పోవద్దన్న మాట మాటే. చుక్కి నెల రోజులు నా పక్కనే మేస్తుంది. కానీ వచ్చి తప్పు చెప్పుకున్న పిల్లను ఇక వెలి వేయను. ఆ గొంతు ఇంకెవరినైనా పిలిచిందా?"

 కాసేపటికి ఒక పిల్ల తల వంచుకుని ముందుకొచ్చింది. దాని వెనక మరొకటి. అలా ఏడు పిల్లలు వచ్చి నిలబడ్డాయి.

నీతి: పిల్లల కాళ్లకు కట్టడి వేయవచ్చు గానీ, వాళ్ల నోటికి భయంతో తాళం వేయకూడదు.