సున్నా ఫిర్యాదులు

అందరి అభిప్రాయమూ అడిగి, ఎవరి మాటా చెవిన పెట్టని కోదండపాణి అనే అధికారి గుమ్మలపాడు బాలికల హాస్టల్‌కు పైవాడుగా ఉండేవాడు. అడగడమంటే ఆయనకు మహా సరదా. "మీరే చెప్పండి" అనేవాడు. చెప్పడం పూర్తికాకముందే చప్పట్లు కొట్టేసేవాడు.

ఒకసారి ఆయన ఆ హాస్టల్లో ఫిర్యాదుల యంత్రం పెట్టించాలనుకున్నాడు. తెర మీద వేలితో నొక్కితే పిల్లల కష్టం నేరుగా ఆయన ఆఫీసుకు చేరుతుంది. "ఇది మీ యంత్రం. ఎలా ఉండాలో మీరే తయారుచేసి చూపించండి. రేపటి పౌరులు మీరే!" అన్నాడు పిల్లలతో.

పిచ్చి పిల్లలు, నమ్మారు. ఆటలు మానేసి అట్టపెట్టెతో నమూనా తయారుచేశారు. ఎనిమిదో తరగతి నూకరత్నం దాన్ని తెచ్చి ఆయన ముందు పెట్టింది. మూడో తరగతి చదివే ఆమె చెల్లెలు బంగారమ్మ అక్క పావడా పట్టుకుని నిలబడింది.

"పేరడక్కూడదు సారూ. పేరడిగితే ఎవులు సెప్తారు? వార్డెనమ్మ గది కాడ ఎట్టకండి, కుళాయిల కాడ ఎట్టండి" అంది నూకరత్నం.

పెట్టె పక్కన అట్టముక్కతో అంటించిన పెద్ద చెవిని బంగారమ్మ చూపించింది. "మా సిన్నోళ్ళకి గుణింతాలు రావు. నోటితో సెప్తే వినాల. అందుకే సెవి ఎట్టేను."

కోదండపాణి పకపకా నవ్వాడు. ఆ చెవి పట్టుకుని ఫోటో దిగాడు. అందరికీ బిస్కెట్లు పంచి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు యంత్రం వచ్చింది. దానికి చెవి లేదు. పిల్లలు పాడుచేస్తారని వార్డెన్ గది గుమ్మం పక్కనే బిగించారు. దొంగ ఫిర్యాదులు రాకూడదని పేరు, తరగతి అడిగేలా చేశారు. ఎవరైనా దాని ముందు నిలబడితే చాలు, వార్డెన్ రాజ్యలక్ష్మి కుర్చీలోంచే "ఏమే, ఏం నొక్కుతున్నావ్?" అనేది. ఇక నొక్కేదెవరు?

తెర మీద ఎప్పుడు చూసినా 'ఫిర్యాదులు: సున్నా' అని ఉండేది. కోదండపాణి ఆ సున్నాను సభల్లో చూపించి శాలువాలు కప్పించుకున్నాడు.

ఆ వానాకాలం మంచినీళ్ళ ట్యాంకులో ఎలుక పడి చచ్చింది. నీళ్ళు కంపు కొట్టాయి. వార్డెన్‌కు చెబితే "ముక్కు మూసుకుని తాగండి" అని కసిరింది. నూకరత్నం ధైర్యం చేసి యంత్రం దాకా వెళ్ళింది. అది పేరు అడిగింది. లోపల కుర్చీ కిర్రుమంది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

వారం తిరక్కుండా పిల్లలకు వాంతులు పట్టుకున్నాయి. ఆసుపత్రికి వెళ్ళినవాళ్ళలో బంగారమ్మ ఒక్కతే తిరిగి రాలేదు. ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నందుకు నూకరత్నం తనను తానే తిట్టుకుంది. తిట్టాల్సింది ఎవరినో నేను వేరే చెప్పాలా?

కోదండపాణి పరుగెత్తుకొచ్చాడు. "యంత్రం ఉందిగా! నాకెందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు.

"సెప్పేం సారూ. యంత్రం రాకముందే సెప్పేం" అంది నూకరత్నం.

వార్డెన్‌ను తీసేశారు. ఆయన యంత్రాన్ని ఊడబీకించి కుళాయిల దగ్గర పెట్టించాడు. ఇప్పుడది పేరు అడగదు. నోటితో చెబితే వింటుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మన పెద్దలకు అలవాటేగా! ఆయన పిల్లల మధ్య నేల మీద కూర్చుని, ఈసారి నిజంగా వినాలనే అడిగాడు. "ఇంకా ఏమైనా మార్చాలా?"

"చాలా బాగుంది సార్!" అన్నారు పిల్లలంతా ఒక్క గొంతుతో.

"నువ్వయినా చెప్పమ్మా" అని నూకరత్నాన్ని బతిమాలాడు.

"మీ ఇష్టం సారూ. మీరెలాగెట్టినా బాగుంటాది" అని ఆమె తల దించుకుంది.

ఆ తెర మీద ఇప్పటికీ సున్నాయే ఉంది. ఆ సున్నాను కోదండపాణి ఇప్పుడు ఎవరికీ చూపించడు.

నీతి: పిల్లల్ని అభిప్రాయం అడగడమంటే వాళ్ళకు మాట ఇవ్వడమే. అడిగి వినని పెద్దవాడు వాళ్ళకు నోరు మూసుకోవడం నేర్పుతాడు. ఆ పాఠాన్ని పిల్లలు ఒక్కసారికే నేర్చుకుంటారు.